కాక్లియర్ ఇంప్లాంట్ తర్వాత అమ్మ తూలుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. రెండు చెవులూ వినపడకుండా పోవడంతో రెండు నెలల క్రితం కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు మాటలు కొద్దికొద్దిగా తెలుస్తున్నాయి. కానీ నడుస్తుంటే పక్కకు తూలుతోంది. రాత్రి బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు మరీ ఎక్కువ. మంచం మీద కుడివైపు తిరిగితే కాసేపు గది గిర్రున తిరుగుతోందంటోంది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ కళ్లు తిరగకుండా ప్రొక్లోర్‌పెరజైన్ మాత్రలు వేసుకుంటోంది. పడిపోతుందన్న భయంతో మంచం దిగనివ్వడం లేదు. ఆపరేషన్‌లో ఏమైనా తేడా జరిగిందా? ఎడమ చెవికీ చేయించొచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

సలహా: ఆపరేషన్ చెడిపోయిందని టెన్షన్ పడకండి. మాటలు తెలుస్తున్నాయంటే ఇంప్లాంట్ పని చేస్తున్నట్టే. ఈ సర్జరీ తర్వాత తూలడం కొత్త విషయమేం కాదు. వినికిడికి తోడ్పడే కాక్లియా, ఒంటిని నిలకడగా ఉంచే భాగాలు లోపలి చెవిలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కాక్లియాలోకి సన్నటి ఎలక్ట్రోడ్ తీగను పంపినప్పుడు పక్కనే ఉండే సాక్యూల్ అనే చిన్న సంచి దెబ్బతినొచ్చు. నిలకడ విషయంలో మన రెండు చెవులూ జోడెద్దుల్లాంటివి. ఒకటి మందగిస్తే బండి ఓ పక్కకు లాగుతుంది. చాలామందిలో కొద్ది వారాల్లో మెదడు దీనికి సర్దుకుంటుంది. రెండు నెలలైనా తగ్గలేదు కాబట్టి కారణం వెతకాల్సిందే.

మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారికి రెండు వేర్వేరు ఇబ్బందులు ఉన్నట్టున్నాయి. పక్కకు ఒత్తిగిలినప్పుడు గది తిరిగి, కాసేపటికి ఆగిపోవడం బీపీపీవీ అనే సమస్య లక్షణం. లోపలి చెవిలో ఉండాల్సిన సున్నపు రేణువులు చోటు తప్పి, అర్ధవృత్తాకార కుల్యల్లోకి (వంపు తిరిగిన సన్నటి గొట్టాలు) జారితే ఇలా అవుతుంది. ఇంప్లాంట్ తర్వాత ఇది రావొచ్చు. దీనికి మాత్రలతో పని లేదు. ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక వరుసలో తిప్పి రేణువులను మళ్లీ చోటికి చేరుస్తారు. ఎప్లీ అనే ఈ పద్ధతికి కొద్ది నిమిషాలు చాలు. ఒకటి రెండు సార్లతోనే చాలామందికి హాయిగా ఉంటుంది. వీడియోలు చూసి ఇంట్లో చేయొద్దు. ఏ చెవి, ఏ కుల్య అన్నది పరీక్షించాకే తేలుతుంది. పైగా ఆపరేషన్ అయిన చెవి. ముందు మీ సర్జన్‌కు చూపించండి.

రెండోది నడకలో తూలడం. ఒళ్లు నిలకడగా ఉండటానికి చెవితో పాటు కళ్లు, పాదాల స్పర్శ కూడా కావాలి. రాత్రి చీకట్లో కళ్ల సాయం పోతుంది. పదేళ్ల షుగర్‌తో పాదాలు మొద్దుబారి ఉంటే ఆ ఆధారమూ తగ్గుతుంది. అందుకే పాదాల స్పర్శ పరీక్ష తప్పక చేయించండి. పడుకున్న మనిషి లేచి నిలబడ్డాక బీపీ పడిపోతోందేమో కూడా చూపించండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలిగి ఉండాలి. ఇంకో మాట. రాత్రి ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కు శబ్దాన్ని అందించే, బయట పెట్టుకునే పరికరం) తీసేస్తారు కాబట్టి ఆమెకు మీ పిలుపు వినపడదు. వెనక నుంచి భుజం తడితే ఉలిక్కిపడి గబుక్కున తిరుగుతారు. అక్కడే పడిపోయేది. ఎదురుగా వెళ్లి చేయి అందించండి.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆ మాత్రలు, మంచం పట్టించడం. ప్రొక్లోర్‌పెరజైన్ మొదటి కొద్ది రోజులకే. నెలల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది, మత్తుగా ఉంటుంది. పెద్ద వయసులో చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం కూడా రావొచ్చు. ఎలా ఆపాలో ఈ వారమే డాక్టర్‌ను అడగండి. ఇక నడక. కదిలితేనే మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుంది. పగటి పూట మీరు పక్కనే ఉండి ఆమెను నడిపించండి. కుర్చీలో కూర్చోబెట్టి, గోడ క్యాలెండర్‌లోని ఓ పెద్ద అంకె మీదే చూపు నిలిపి, తలను మాత్రం నెమ్మదిగా కుడి ఎడమలకు తిప్పమనండి. అంకె అలుక్కుపోతే వేగం తగ్గించాలి. చేసేటప్పుడు కాస్త తిప్పినట్టుంటే భయం లేదు. కొద్ది నిమిషాల్లో తగ్గాలి. మిగతా వ్యాయామాలు వెస్టిబ్యులర్ రిహాబ్ (నిలకడను మళ్లీ అలవాటు చేసే శిక్షణ) తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్పించండి.

జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, చెవి నుంచి లేదా ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం కారడం, మూతి వంకర పోవడం, చెవి వెనక వాపు, ఉన్నట్టుండి వినికిడి తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంప్లాంట్ ఉన్నవారికి మెనింజైటిస్ (మెదడు పొరలకు సోకే ఇన్‌ఫెక్షన్) ముప్పు కాస్త ఎక్కువ. ఆ ముప్పును తగ్గించే న్యూమోకాకల్ టీకా వేయించారో లేదో చూసుకోండి.

ఎడమ చెవి సంగతి ఇప్పుడే తేల్చొద్దు. చేయించకూడదని కాదు. అయితే ముందు రెండు చెవుల నిలకడ శక్తి ఎంతుందో తేల్చే వీహెచ్ఐటీ, క్యాలరిక్ పరీక్షలు చేయించాలి. కుడివైపు పూర్తిగా పోయి, ఆమె ఇప్పుడు ఎడమ చెవి బలంతోనే నిలబడుతున్నారనుకోండి, దానికీ దెబ్బ తగిలితే చీకట్లో నడవడం చాలా కష్టమవుతుంది. ఆ రిపోర్టులు చేతికి వచ్చాక సర్జన్‌తో కూర్చుని మాట్లాడండి.