200 యూనిట్లు దాటిన వేసవి: కొత్త ఫ్రిజ్ కొనాలా?

ప్రశ్న: మాది వరంగల్ కాశీబుగ్గ, కిరాయి ఇల్లు. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద మాకు జీరో బిల్లే వస్తుంది. కానీ ఈసారి ఏప్రిల్‌లో 228, మేలో 243, జూన్‌లో 214 యూనిట్లు కాలాయి. మూడు రూపాయల వడ్డీకి నాలుగు వేలు తెచ్చి బిల్లులు కట్టాం. ఇంట్లో ఫ్యాన్లు, కూలర్, ఫ్రిజ్ ఉన్నాయి. ఫ్రిజ్ పాతది, కిస్తుల మీద కొత్తది తీసుకుంటే కరెంటు తగ్గుతుందంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. ముందు ఆ అప్పు సంగతి చూడండి. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. నాలుగు వేలకు నెలనెలా 120 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. మీరు మహిళా సంఘంలో ఉంటే అక్కడ తక్కువ వడ్డీకి తీసుకుని దీన్ని తీర్చేయండి. ఇంకో కిస్తు నెత్తిన పెట్టుకోవడం ఆ తర్వాతి మాట.

ఇక బిల్లు. గృహజ్యోతిలో 200 దాటితే పైన కాలిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. స్లాబు కూడా మారిపోతుంది: మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70 చొప్పున. 200 దగ్గర ఆగితే సున్నా, 201 అయితే వెయ్యి పైచిలుకు! జూన్‌లో మీరు దాటింది 14 యూనిట్లే, దానికి పడింది 1,128 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వేరే. కాబట్టి ఏడాదంతా లైట్లు ఆర్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఆ మూడు నెలల్లో, మరీ ఎక్కువ కాలిన నెలలో 43 యూనిట్లు తగ్గితే చాలు.

అవి ఎక్కడ తగ్గుతాయో చూద్దాం. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) 28 నుంచి 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. కూలర్ 180 వాట్లదైతే రోజుకు రెండు గంటలు ముందు ఆపినా 10 యూనిట్లు తగ్గుతాయి. తెల్లవారుజామున చల్లబడ్డాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది కదా, అక్కడ ఆపండి.

మీరు రాయని వస్తువు ఒకటుంది, ఇస్త్రీ పెట్టె. వెయ్యి వాట్లది. జాకెట్ పూర్తయినప్పుడల్లా వేడి చేస్తుంటే, గుడ్డ మీద పెట్టేది రెండు నిమిషాలే అయినా పెట్టె వేడెక్కడానికే ప్రతిసారీ కరెంటు పోతుంది. సాయంత్రం దాకా ఆపి అన్నీ ఒకేసారి రుద్దండి. ఇంకో మాట, ఆ కరెంటు ఇంటి ఖర్చు కాదు, మీ పని ఖర్చు. పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్‌కు పది రూపాయలు ఎక్కువ అడగడానికి మొహమాటపడకండి. దారానికి, హుక్కులకు లెక్క వేసుకున్నట్టే దీనికీ వేసుకోవాలి.

ఫ్రిజ్ తప్పో కాదో మీటరునే అడగండి. ఒక రాత్రి ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేసి (వానాకాలంలో ఫ్యాను లేకున్నా గడుస్తుంది) మీటరు మీద కేడబ్ల్యూహెచ్ (అంటే యూనిట్లు) అంకె రాసుకోండి. 12 గంటల తర్వాత మళ్లీ చూడండి. యూనిట్ కన్నా ఎక్కువ కాలిందంటే నెలకు 60 పైనే లాగుతోందన్నమాట. అప్పుడు కూడా ముందు తలుపు రబ్బరు మార్పించి చూడండి. అది వందల్లో అయిపోయే పని.

ఫ్యానుకు రెండున్నర, మూడు వేలు అవుతుంది. మిర్చి సీజన్‌లో మీ ఆయన చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి కాబట్టి అప్పుడే పక్కన పెట్టి, ఉగాదిలోపు కొనండి. మార్చి నుంచి రీడింగ్ తీసిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. పదిహేనో రోజుకు 100 దాటితే కూలర్ సంగతి ఆ రోజే తేల్చుకోవాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

ఇల్లు మారితే మాత్రం కొత్త ఇంటి సర్వీస్ నంబరును రేషన్ కార్డు వివరాలతో మున్సిపల్ ఆఫీసులో వెంటనే మార్పించుకోండి. పాత ఇంటి నంబరే ఉంటే కొత్త ఇంట్లో 50 యూనిట్లు కాలినా బిల్లు కట్టాల్సిందే.