ఛాసిస్ కొనండి, బాడీ మీరే కట్టుకోండి

"నాకు కావలసిన వస్తువు ఏ కంపెనీ చెయ్యడం లేదు, మీరైనా వాళ్లకు చెప్పండి." కొన్ని నెలలుగా ఈ మాటతో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో మూడింటికి ఈసారి జవాబిస్తున్నాను. మూడోది మాత్రం అందరూ చదవండి. వారం రోజులుగా నన్ను టెన్షన్ పెడుతున్నది అదే.

ప్రశ్న: 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. మేం లేచేసరికి కింది గదుల్లో మంచం కోళ్లు మునిగాయి. అరగంట ముందు తెలిసినా అమ్మను, కాగితాలను పైకి చేర్చేవాళ్లం. వీధి కాల్వ నిండగానే మోగే అలారం కావాలని మూడు కంపెనీలకు రాశాను. ఒకరు "మీ సూచన సంబంధిత విభాగానికి పంపాం" అన్నారు. మిగతావాళ్లు పలకలేదు. ఎక్కడ దొరుకుతుంది?
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: దొరకదు. ఇంకో ముప్పై మెయిళ్లు రాసినా దొరకదు. వాళ్ల లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. ఒక ప్లాస్టిక్ డబ్బా పోతపోయడానికి అచ్చు చేయించాలంటేనే లక్షల్లో ఖర్చు. అందులో వైర్‌లెస్ భాగం ఉంటే కేంద్ర టెలికం శాఖ కింద ఉన్న డబ్ల్యూపీసీ ఆమోదం కూడా కావాలి. ఈ ఖర్చంతా వేల పీసుల మీద పంచితేనే గిట్టుబాటు అవుతుంది. మీ కాల్వ లోతుకు, మీ గడప ఎత్తుకు సరిపోయే అలారాన్ని వేలమందికి అమ్మడం కుదరదు.

మీ ఊళ్లోనే ఆటోనగర్ ఉంది. లారీ వాళ్లను అడగండి. చాలామందికి కంపెనీ నుంచి వచ్చేది ఇంజను, చక్రాలు ఉన్న ఛాసిస్ మాత్రమే. బాడీ ఆటోనగర్‌లో కట్టించుకుంటారు. ఇసుక తోలేవాడికి ఒక రకం, ధాన్యం తోలేవాడికి ఇంకో రకం. "నా సరుకుకు సరిపోయే బాడీతో లారీ పంపండి" అని ఉత్తరం రాసి ఎదురుచూస్తూ కూర్చుంటే ఒక్క ట్రిప్పు కూడా పడదు. ఎలక్ట్రానిక్స్‌కూ ఇదే పద్ధతి. ఛాసిస్ లాంటి భాగాలు చవగ్గా దొరుకుతున్నాయి. బాడీ మనం కట్టుకోవాలి.

మీకు కావలసినవి నాలుగు: చిన్న ఫ్లోట్ స్విచ్ (నీళ్లు పైకి లేపగానే కలిసే స్విచ్), 12 వోల్టుల సైరన్, యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ల బ్యాటరీ, పొడవాటి వైరు. ఫ్లోట్ స్విచ్‌ను చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టంలో నిలబెట్టండి. గొట్టం చుట్టూ దోమతెర ముక్క కట్టండి, లేకపోతే ఆకులు అడ్డుపడి ఫ్లోట్ పైకి లేవదు. కాల్వ అంచు దగ్గర ఒకటి, గడపకు జానెడు కిందుగా ఇంకొకటి పెట్టి, దేని సైరన్ దానికి కలిపితే మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక విడివిడిగా తెలుస్తాయి. ఫ్లోట్‌ను తలకిందులుగా తొడిగితే స్విచ్ తిరగబడి పనిచేస్తుంది. కాబట్టి వైర్లు కలపకముందే మగ్గుతో నీళ్లు పోసి చూడండి. చిన్న ఫ్లోట్లలో ఉండే రీడ్ స్విచ్ (అయస్కాంతంతో కలిసే సన్న స్విచ్) అర యాంపియరు మించి మొయ్యలేదు. సైరన్ అంతకన్నా ఎక్కువ లాగేదైతే మధ్యలో 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టాలి. బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు తప్పనిసరి. బ్యాటరీ, చార్జరు, సైరన్ మూడూ పై అంతస్తులోనే ఉండాలి. నీళ్ల దగ్గరికి పోయేది 12 వోల్టుల వైరు ఒక్కటే. 230 వోల్టులు మెట్ల కిందికి దిగకూడదు.

ఇందులో వైఫై లేదేమిటని, యాప్ లేదేమిటని మీ పిల్లలు అడుగుతారు. ఆ వరదలో ముందు పోయింది కరెంటు. కరెంటు పోతే రౌటరు పోతుంది, రౌటరు పోతే యాప్ పోతుంది. మార్కెట్లో "స్మార్ట్" అని అమ్మే నీటి అలారాల మీద నాకు కోపం ఇందుకే. ఎండాకాలంలో, ఏసీ గదిలో చక్కగా పనిచేస్తాయి. ఏ రాత్రి కోసం కొన్నామో ఆ రాత్రే మూగబోతాయి. పైగా ఆ కంపెనీ సర్వరు మూసేస్తే వస్తువు డబ్బా కింద లెక్క. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో పెట్టె మీద రాసి ఉండదు. ఎన్ని వాట్లో రాస్తారు, ఎన్ని రంగుల్లో దొరుకుతుందో రాస్తారు, ఈ ఒక్క మాట రాయరు. కొనేవాళ్లం అడగడం మొదలుపెడితే తప్ప రాయరు కూడా.

మీరు కట్టుకున్న అలారం నీళ్లు తగిలేదాకా బ్యాటరీని ముట్టుకోదు. జూన్ మొదలవగానే నెలకోసారి ఫ్లోట్‌ను వేలితో లేపి చూడండి. సైరన్ మోత ఇరుగుపొరుగుకు ఇబ్బందే. కానీ అది ఏమిటో ముందుగా చెప్పి ఉంచితే వరద రోజున ఆ మోత వాళ్లకూ పనికొస్తుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. నా చేతికి అలవాటైంది తెలుగు డీటీపీలో "యాపిల్" అని పిలిచే కీబోర్డు అమరిక. ఇప్పుడు వెబ్‌సైట్ల వాళ్లంతా ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్ తెలుగు అడుగుతున్నారు. ఇదే అమరికలో తెలుగు అక్షరాలు ముద్రించిన యూనికోడ్ కీబోర్డు చేయమని కంపెనీలను అడిగాను, ఫలితం లేదు. ఒక గ్రూపులో ఎవరో ఇచ్చిన కీబోర్డు ఈఎక్స్‌ఈ ఫైలు వేసుకోవచ్చా?
– ఏలూరు రోడ్డు, విజయవాడ

జవాబు: ఆ ఫైలు వేసుకోవద్దు. కీబోర్డు సాఫ్ట్‌వేర్ మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చూస్తుంది. కథ టైపు చేసినా చూస్తుంది, బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టినా చూస్తుంది. ఎవరు రాశారో తెలియని కీబోర్డును కంప్యూటర్లోకి రానివ్వడమంటే ఇంటి తాళాల గుత్తి ముక్కూమొహం తెలియని మనిషికి ఇవ్వడమే. ఫోన్లో వేసుకునే తెలుగు కీబోర్డు యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది.

మీ అమరికను మీరే తయారు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ అనే ఉచిత పనిముట్టు ఉంది. తెర మీద కీబోర్డు బొమ్మ కనిపిస్తుంది. ఏ మీటకు ఏ అక్షరమో పెట్టుకుంటూ పోవడమే. యూనికోడ్‌లో "క్ష" అంటే క, పొల్లు, ష అనే మూడు కోడ్లు. ఈ పనిముట్టులో ఒక మీటకు నాలుగు కోడ్ల దాకా ఇవ్వవచ్చు కాబట్టి "క్ష"కు విడిగా మీట పెట్టుకోవచ్చు. పాత ఫాంట్లలో అక్షరాన్ని ముక్కలుగా కొట్టే అలవాటు ఎక్కడైనా ఉంటే, ఆ ఒక్కటి మాత్రం మార్చుకోక తప్పదు. ముద్రించిన మీటలే కావాలంటే స్టిక్కర్లు వేయించుకోండి. ఇరవై ఏళ్ల చేతికి నిజానికి అవీ అక్కర్లేదు. తయారైన ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి, మళ్లీ విండోస్ వేసిన రోజున వెతుక్కునే పని ఉండదు.

ప్రశ్న: మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. చాంబర్ల ఉష్ణోగ్రత ఫోన్లో కనిపించే పరికరం అడిగితే కంపెనీలు మొత్తం ప్యానెల్ మార్చాలన్నాయి. డిప్లొమా చదువుతున్న మా అబ్బాయి ఇంటర్నెట్లో చూసి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లతో చేశాడు. బయటినుంచి చూడటానికి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుని, రౌటర్లో పోర్టు ఫార్వర్డింగ్ (బయటినుంచి నేరుగా బోర్డు దాకా వచ్చే తలుపు) పెట్టాడు. కంప్రెసర్‌ను ఆన్, ఆఫ్ చేసే బటన్ కూడా పెట్టాడు. అన్నీ బాగున్నాయి కానీ నెట్ నెమ్మదించింది. ఏ రౌటర్ కొనమంటారు?
– గుంటూరు

జవాబు: కొత్త రౌటర్ మాట తరువాత చూద్దాం. ముందు ఆ పోర్టు మూసెయ్యమనండి, ఈ రోజే.

మీ అబ్బాయి చేసిన పని చిన్నది కాదు. కంపెనీలు ప్యానెల్ మొత్తం మార్చాలన్నచోట నాలుగు వైర్లతో పని జరిపించాడు. అతన్ని తిట్టకండి. తప్పు ఒక్కచోటే జరిగింది. ఫోన్లో మీకు ఒక పేజీ తెరుచుకుంటోందంటే, అదే పేజీ ప్రపంచంలో ఎవరికైనా తెరుచుకుంటుంది. "మా చిరునామా ఎవరికి తెలుసు?" అని చాలామంది నాతో వాదించారు. ఇంటర్నెట్లో ఐపీవీ4 చిరునామాలు మొత్తం దాదాపు 430 కోట్లు. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో జెడ్‌మ్యాప్ అనే పనిముట్టు విడుదల చేశారు. మంచి కనెక్షన్ ఉన్న ఒక్క కంప్యూటరుతో, గంటలోపే ఆ చిరునామాలన్నిటి తలుపూ తట్టి రావచ్చని అది చూపించింది. మీ తలుపు తట్టడానికి ఎవరూ గుంటూరు రానక్కర్లేదు, మీ పేరు తెలియనక్కర్లేదు.

తట్టినవాళ్లు ఏం చేస్తారో 2016లో అందరూ చూశారు. మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) దగ్గర గొప్ప తెలివేమీ లేదు. పెట్టెలోంచి తీసిన పాస్‌వర్డ్ మార్చకుండా వాడుతున్న కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను వెతికి, అరవై పైచిలుకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు వరసగా వేసి చూసింది. లక్షల పరికరాలు దొరికాయి. అక్టోబరు 21న వాటిలో చాలావాటిని కలిపి, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామా చూపించే డైన్ అనే సంస్థ సర్వర్ల మీదికి తోలితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటలపాటు అందలేదు. ఆ కెమెరాల యజమానులకు కనిపించిన లక్షణం "నెట్ నెమ్మదించింది" అనేదే అయి ఉంటుంది. మీ దగ్గర అలాగే జరిగిందని నేను అనడం లేదు. ప్రొవైడర్ లోపం కావచ్చు, వైరు లోపం కావచ్చు. కానీ తలుపు తెరిచి పెట్టి, కారణం వేరే ఏదో అయి ఉంటుందనుకుంటూ కూర్చోలేం.

ఇంకో సంగతి. ఆ బోర్డు ఉన్న వైఫైలోనే మీ ఆఫీసు కంప్యూటర్ ఉంటుంది. ఎవరివి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ చాంబర్లో ఉన్నాయో, ఏ సరుకు మీద ఏ బ్యాంకు రుణం ఉందో అందులోనే ఉంటుంది. బోర్డులోకి దూరినవాడికి కావలసింది మీ ఉష్ణోగ్రత కాదు, ఆ పక్క కంప్యూటర్. గుంటూరులోనే ఒక గోదాములో లెక్కల ఫైళ్లన్నీ తాళం పడిపోయి, డబ్బు కడితే తెరుస్తామన్న సందేశం తెర మీద వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. రైతులు రసీదులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆ గుమస్తా ముఖం ఇంకా మర్చిపోలేదు. తరువాత విచారిస్తే, పని తొందరలో పెట్టిన పోర్టు ఒకటి ఏడాదిగా తెరిచే ఉందని తేలింది.

ఇప్పుడు మీ అబ్బాయికి పని. పోర్టు ఫార్వర్డింగ్ తీసేయాలి, రౌటర్లో యూపీఎన్‌పీ (పరికరాలు వాటంతట అవే పోర్టు తెరుచుకునే సదుపాయం) ఆపాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి, రౌటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. స్టాటిక్ ఐపీ ఇక అవసరం లేదు, ఆ డబ్బు మిగులుతుంది. బయటివాళ్లు బోర్డు దగ్గరికి రావడం కాకుండా, బోర్డే బయటికి కబురు పంపేలా కోడ్ మార్చాలి. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రతను టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే రహస్య లిపి) ఉన్న ఎంక్యూటీటీ సర్వరుకు (ఇలాంటి బోర్డుల చిన్న కబుర్లు అందుకునే సర్వరు) పంపవచ్చు, లేదా హద్దు దాటినప్పుడు టెలిగ్రామ్ బాట్ ద్వారా మెసేజ్ పెట్టించవచ్చు. లోపలి పేజీ చూసి తీరాల్సిందే అంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (తాళం ఉన్నవాళ్లు మాత్రమే రాగల రహస్య దారి) ద్వారా చూడండి. బోర్డును గెస్ట్ వైఫైలోకి మార్చి, ఆఫీసు కంప్యూటర్ నుంచి విడదీయండి. కోడ్‌ను స్నేహితుల గ్రూపులో పెట్టి ఉంటే, అందులో వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి దాన్నీ మార్చాలి.

కంప్రెసర్ బటన్ పూర్తిగా తీసేయండి. చూడటం వేరు, నడపటం వేరు. పాత థర్మోస్టాట్, ఆపరేటర్ చేయి, ఆ రెండే కంప్రెసర్ మీద ఉండాలి. తప్పుడు మెసేజ్ వస్తే ఒక ఫోన్‌కాల్‌తో పోతుంది. అర్ధరాత్రి ఎవరో కంప్రెసర్ ఆపితే చాంబరు నిండా ఉన్న మిర్చి దెబ్బతింటుంది, అదీ మీది కాదు, రైతులది.

సెన్సర్లను ఒకసారి పరీక్షించండి. డీఎస్18బీ20 పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అసలుదైతే మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ కన్నా ఎక్కువ తేడా రాకూడదు. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, అది మునిగేదాకా నీళ్లు పోసి కలిపి, నీళ్లు చొరబడని గొట్టం రకమైతే సెన్సర్‌ను అందులో ఐదు నిమిషాలు ఉంచండి. సున్నా దగ్గర నిలవాలి. ఒకటిన్నర, రెండు చూపిస్తే ఆ సెన్సర్ పారేసి ఇంకోటి కొనండి.

ఇవన్నీ అయ్యాక కూడా నెట్ నెమ్మదిగానే ఉంటే, రౌటర్లో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూసి, ఏది ఎంత డేటా పంపుతోందో రాసి పంపండి. అప్పుడు రౌటర్ సంగతి మాట్లాడదాం.