తవ్వకాల దగ్గర ట్రాఫిక్ ప్రణాళిక: సివిల్ విద్యార్థికి అది వృత్తి అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. నిర్మాణ పనులు జరిగేచోట ట్రాఫిక్ మళ్లింపు ప్రణాళికలు తయారుచేసే రంగంలోకి వెళతానంటోంది. అది పోలీసుల పని కదా, దానికంటూ ఉద్యోగాలు ఉంటాయా?
— ఒక తండ్రి, బ్రాడీపేట

సమాధానం: కూడలిలో నిలబడి వాహనాలను ఆపేదీ వదిలేదీ పోలీసులే అయినా, ఏ రోడ్డును ఎంత మేర మూయాలి, ఆ వాహనాలు ఎటు వెళ్లాలి, నడిచేవారికి దారి ఎక్కడ వదలాలి అన్నవి పని మొదలుకాకముందే తేల్చి నక్షా గీయవలసింది ఇంజినీర్లు. సాధారణంగా గుత్తేదారు సంస్థ ప్రణాళిక సిద్ధం చేస్తుంది, పర్యవేక్షణ కన్సల్టెంటు దానిని పరిశీలిస్తారు, ఆ తరువాత పోలీసుల అనుమతి కోరతారు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం నెలకు మించని ఆంక్షలకు గెజిట్ ప్రకటన అక్కరలేదు గానీ, స్థానికంగా ప్రచారం చేయడం తప్పనిసరి. 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ రోడ్డు నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలను పాటించకపోవడం వల్ల ఎవరైనా మరణించినా, వైకల్యం పాలైనా బాధ్యులైన సంస్థలకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పించింది.

ఈ పనికి ఆధారగ్రంథం రహదారి ఇంజినీర్ల సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఎస్‌పీ 55. దాని 2014 ప్రతిని మీ అమ్మాయి ఇప్పుడే చదవడం మొదలుపెట్టవచ్చు. పని స్థలాన్ని అది నాలుగు భాగాలుగా చూస్తుంది: ముందుగా హెచ్చరించే భాగం, వాహనాలను పక్కకు మళ్లించే భాగం, అసలు పని జరిగే భాగం, తిరిగి మామూలు దారిలో కలిపే భాగం. మొదటి రెండింటినీ కుదించి, తవ్విన గోతి పక్కనే ఒక బోర్డు నిలబెట్టి సరిపెట్టుకోవడం మన ఊళ్లలో తరచుగా కనిపించే లోపం.

అయితే పుస్తకంతో పని పూర్తికాదు. మీకు దగ్గరలోని శంకర్ విలాస్ వంతెననే తీసుకోండి. పాతదానిని తొలగించి కొత్తది కట్టేటప్పుడు, రైలు పట్టాలకు ఇవతలి నుంచి ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి వెళ్లవలసిన అంబులెన్సు ఏ దారి పట్టాలి, ఆ దారి ఇరుకైతే అక్కడి పార్కింగును ఏ వేళల్లో నిషేధించాలి, బడులు వదిలే సమయంలో ఏమవుతుంది? వాహనాలను రకాలవారీగా స్వయంగా లెక్కించి, వాటిని కారు ప్రమాణంలోకి, అంటే ఒక్కో వాహనం ఎన్ని కార్లకు సమానమో ఆ లెక్కలోకి మార్చి (ఆటోలు, ద్విచక్ర వాహనాలు ఎక్కువగా తిరిగే మన రోడ్లకు ఈ మార్పిడే కీలకం) ఆమె ఒక ప్రాజెక్టు రాస్తే, ఇంటర్వ్యూలో అది మార్కుల జాబితా కంటే గట్టిగా నిలుస్తుందని నా అభిప్రాయం. విజయవాడలో అయితే ప్రణాళికలోకి దసరా రద్దీ కూడా వస్తుంది. శరన్నవరాత్రులలో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల అమలయ్యే మళ్లింపులను పట్టించుకోకుండా ఆ సమీపంలో కాలువ తవ్వకానికి తేదీలు నిర్ణయిస్తే ఆ నక్షా నిలవదు.

ఇక ఉద్యోగాల మాట. ఈ పని పేరుతోనే ప్రకటనలు వెలువడడం అరుదు. ట్రాఫిక్ ఇంజినీర్, రవాణా ప్రణాళికా నిపుణులు, రోడ్డు భద్రతా ఇంజినీర్ అనే పేర్లతో వెతకాలి. రహదారులు, వంతెనలు, మెట్రో పనులు చేసే సంస్థలూ కన్సల్టెన్సీలూ ప్రధాన ఆశ్రయాలు. గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీ వంటి చోట రవాణా ఇంజినీరింగులో ఎం.టెక్ చేయడం మంచి మార్గమే గానీ, ముందు ఒకటి రెండేళ్లు సైటులో పనిచేసి వెళితే ఆ చదువు బాగా ఒంటబడుతుంది. నక్షాలు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ తప్పనిసరి, ట్రాఫిక్ అనుకరణకు వాడే విసిమ్‌ను తరువాత నేర్చుకోవచ్చు.

తొలి జీతం సాఫ్ట్‌వేర్ కొలువులతో పోటీపడదని ముందే చెప్పాలి. నగరాలలో రోడ్డు మూసే పనులు ఎక్కువగా రాత్రిపూటే జరుగుతాయి కనుక, నియామక సమయంలోనే రాత్రి విధులు ఎన్ని, రాకపోకలకు సంస్థ వాహనం ఇస్తుందా, సైటులో మహిళలకు విశ్రాంతి గది, మరుగుదొడ్డి ఉన్నాయా అని ఆమెనే స్పష్టంగా అడగమనండి.