కుర్ర పుంజుల్ని ఏ వయసులో విడదీయాలి?

ప్రశ్న: మాది కోనసీమ అండి. మా అసీల్ (పందెం జాతి) పెట్ట పిల్లల్లో ఐదు పుంజులు, నాలుగు పెట్టలు మిగిలాయి, మూడున్నర నెలలు దాటాయి, కొబ్బరి తోటలో వదిలే పెంచుతున్నాం. పుంజులు రోజూ ఎగిరి తన్నుకుంటున్నాయి గానీ రక్తాలు రావట్లేదు. ఆరో నెల దాకా ఉంచమని ఒకరు, ఇప్పుడే విడగొట్టెయ్యమని ఇంకొకరు చెప్తున్నారు. ఒకదానికి కాలు వాస్తే రెండు వారాలు గంప కింద పెట్టి మళ్ళీ వదిలాను, మిగతా నాలుగూ కలిసి దాన్ని చితక్కొట్టేశాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ కాలు వాచిన పుంజు సంగతి చూద్దామండి, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. కోళ్ళు ఒకదాన్నొకటి తల, జుట్టు (నెత్తిమీది ఎర్రటి కండ), ముఖం చూసి గుర్తుపడతాయి, కలిసి తిరిగినన్నాళ్ళూ ఎవడు పైన ఎవడు కింద అనే లెక్క రోజూ చిన్న చిన్న తోపులాటలతో నడుస్తూనే ఉంటుంది, రెండు వారాలు కనపడకుండా పోయి వచ్చినవాడు ఒక పెట్ట కిందే పుట్టినా సరే వాటి లెక్కలో బయటివాడే. అందుకే ఈ జాతిలో ఒకసారి విడదీసిన కుర్ర పుంజుని మళ్ళీ మందలో కలపకూడదు. ఆ పుంజుని ఇక విడిగానే పెంచండి, "నాలుగు రోజులు పోతే సర్దుకుంటాయిలే" అని మళ్ళీ వదలొద్దు.

ఇక నెలల లెక్క. మామూలుగా 4 నుంచి 5 నెలల మధ్య విడదీస్తారు, కానీ కొన్ని వంశాల్లో మూడో నెలకే గట్టి తన్నులాట మొదలవుతుంది, తోటలో విశాలంగా తిరుగుతూ పైన ఒక పెద్ద పుంజు ఉంటే ఆరో నెల దాటినా గొడవ లేకుండా ఉండేవీ ఉన్నాయి. కాబట్టి మీకు చెప్పినవాళ్ళిద్దరిదీ తప్పు కాదు, ఎవరి కోళ్ళని చూసి వాళ్ళు చెప్పారు. మీరు మీ కోళ్ళని చూడండి. ఇప్పుడు ఎలా తన్నుకుంటున్నాయి? మెడ ఈకలు విప్పి, ఎదురెదురుగా నిలబడి, ఒకటి రెండు సార్లు ఎగిరి, అందులో ఒకటి తల పక్కకి తిప్పేసుకుని మేతలో పడిపోతే అది ఆటే, అలాంటివి మూడు వారాల పిల్లలు కూడా చేస్తాయి. ఓడినది తల తిప్పేసుకున్నా రెండోది వదలకుండా తరుముతోంది అంటే, జుట్టు పట్టుకుని తంతోంది అంటే ఆట అయిపోయినట్టే, ఆ సాయంత్రమే విడదీయాలి. జుట్టు, ముఖం ఎర్రబడటం, కూత నేర్చుకోవడం దానికి ముందు వచ్చే గుర్తులు.

రక్తం కోసం మాత్రం చూడకండి, రక్తం వచ్చేసరికి ఆలస్యం అయిపోయినట్టు. దానికంటే ముందే తెలిసే ఉపాయం ఒకటుంది. పొద్దుగూకాక గూట్లోకి ఎక్కినప్పుడు ఒక్కొక్క పుంజునీ పట్టుకుని మెడ కింద మేత సంచి తడిమి చూడండి, మూడింటికి నిండుగా గట్టిగా తగిలి ఒకదానికి మాత్రం ఖాళీగా ఉందంటే దాన్ని పగలంతా మేత దగ్గరికి రానివ్వట్లేదన్నమాట. తల వెనకాల చిన్న చిన్న పక్కులు ఉన్నాయేమో కూడా వేలితో చూడండి, ఈకల్లో పైకి కనపడవు.

ముందుగా పెట్టల్ని తీసెయ్యండి, ఈ వారంలోనే. పుంజులకి కాక రేపేది అవే, పెట్టలు కంటికి కనపడకపోతే చాలా మందల్లో ఇంకొన్ని వారాలు ప్రశాంతంగా గడుస్తుంది. మేత, నీళ్ళు ఒకేచోట కాకుండా మూడు నాలుగు చోట్ల పెట్టండి. మీ దగ్గర పెద్ద పుంజు ఉండి ఈ కుర్రవాటిని అదుపులో పెడుతుంటే దాన్ని హఠాత్తుగా తియ్యొద్దు, అమ్మేశారంటే ఆ రోజే కుర్రవాటి మధ్య పెత్తనం కోసం తన్నులాట మొదలవుతుంది.

విడదీసేటప్పుడు ఒక్కొక్కటీ వారానికొకటి చొప్పున తియ్యకండి, ఒకటి పోయినప్పుడల్లా మిగిలినవి వరస మళ్ళీ తేల్చుకోవాలి, అంటే మళ్ళీ తన్నులాట. మిగిలిన నాలుగింటినీ ఒకే రాత్రి చీకట్లో పట్టి ఎవరి గదిలో వాటిని పెట్టెయ్యండి. ఒక్కోదానికి కనీసం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండాలి. గదుల మధ్య ఉత్త వల కట్టారంటే వల్లోంచే పొడుచుకుని ముక్కులు, కళ్ళు పోగొట్టుకుంటాయి, కింద రెండడుగుల ఎత్తు వరకు చెక్క గానీ రేకు గానీ తడిక గానీ అడ్డం పెట్టండి. తాడుతో కట్టేవాళ్ళయితే రెండు తాళ్ళూ పూర్తిగా సాగినా పుంజుల మధ్య మూడడుగులు ఖాళీ ఉండేలా గుంజలు పాతుకోండి, కాలికి నైలాన్ తాడు కాకుండా మెత్తటి గుడ్డపట్టీ వెయ్యండి, రోజు మార్చి రోజు కాలు మార్చండి. మీ పుంజుకి కాలు వాచింది కదా, దాని అరికాలిలో నల్లటి పక్కు ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే పొడి గడ్డి మీద ఉంచి డాక్టర్‌కి చూపించండి, ఇంట్లో బ్లేడుతో కొయ్యకండి.

తలమీద గాయాలకి గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడిగి బీటాడిన్ రాస్తే చాలు, ఈగ వాలకుండా చూసుకోండి. కోళ్ళ మశూచి టీకా వెయ్యకపోతే (మామూలుగా 6-7 వారాలకి వేస్తాం) డాక్టర్‌ని అడగండి, ఎందుకంటే తన్నుకున్న గాయాల్లోంచి అది తేలిగ్గా అంటుకుంటుంది. టీకా, విడదీయడం ఒకే రోజు పెట్టుకోవద్దు.

ఇంకోమాట. సంక్రాంతి దగ్గర పడితే బేరానికి వచ్చినవాళ్ళు "ఒకసారి వదలండి, ఎలా తంతుందో చూద్దాం" అంటారు. కత్తి కట్టకపోయినా కోళ్ళని కావాలని కొట్లాటకి దించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే, మొహమాటపడకుండా కుదరదనండి. జాతి పుంజుకి విత్తనపు పుంజుగా కూడా మంచి ధర ఉంది, గుడ్డి కన్నుతో ఉంటే ఆ బేరం కూడా పోతుంది.

విడదీశాక ఒకటి రెండు రోజులు మేత సరిగ్గా తినవు, ఒకదాని కూత విని ఇంకోటి అరుస్తూ గదిలో అటూ ఇటూ తిరుగుతాయి, కంగారు పడకండి. మూడో రోజుకి కూడా తినక, ఆకుపచ్చగా పారుతూ, మెడ వాల్చేస్తే మాత్రం బెంగ అనుకుని ఊరుకోవద్దు, కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే అంటురోగం) కావచ్చు, ఆ కోడిని మిగతావాటికి దూరంగా పెట్టి వెంటనే పశువుల ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి.