నట్టల మందు పని చేయడం లేదు, విదేశీ కొత్త మందు కోసం ఆగవచ్చా?

ప్రశ్న: మాకు గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర అరవై నెల్లూరు జాతి గొర్రెలున్నాయి. మూడేళ్లుగా రెండు నెలలకొకసారి మందంతటికీ ఆల్బెండజోల్ తాగిస్తున్నాం. ఈ వానాకాలంలో రెండుసార్లు తాగించినా దవడ కింద నీరు దిగుతోంది, పిల్లలు నీరసించి చనిపోతున్నాయి. పారుడు మాత్రం లేదు. కంపెనీ మార్చి చూడమని దుకాణదారు అంటున్నారు. విదేశాల్లో కొత్త నట్టల మందులు వచ్చాయని విన్నాం. వాటి కోసం ఆగవచ్చా? ఈలోగా ఏం చేయాలి?

జవాబు: పారుడు లేకుండా దవడ కింద నీరు దిగుతోందని మీరు రాశారు. రోగ నిర్ధారణకు ఈ ఒక్క వివరం చాలా ఉపయోగపడుతుంది. గొర్రె నాలుగో పొట్టలో చేరి రక్తం పీల్చే హిమాంకస్ అనే ఏలికపాము వల్ల సాధారణంగా ఇలాగే జరుగుతుంది. ఒక్కో పురుగు వల్ల గొర్రె రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం కోల్పోతుంది కాబట్టి, వెయ్యి పురుగులున్న జీవం రోజూ 50 మిల్లీలీటర్ల రక్తం పోగొట్టుకుంటున్నట్లే. నీరసపడిన గొర్రె కింది కనురెప్పను తిప్పి చూడండి. లోపలి పొర ఎర్రగా కాక పాలిపోయి ఉంటే అనుమానం బలపడుతుంది. అయితే మీ మంద కాలువ గట్ల మీద, నీరు నిలిచే పొలాల్లో మేస్తుంటే కార్జపు జలగల వల్ల కూడా ఇదే వాపు వస్తుంది. ఆల్బెండజోల్ పెద్ద జలగలను చంపుతుంది గాని కార్జంలో తిరుగుతున్న పిల్ల జలగలను చంపలేదు. కనుక పేడ పరీక్ష చేయించకుండా మందు మార్చడం సరికాదు.

కంపెనీ మార్చినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. సీసా మీద పేరు ఏదైనా లోపలున్నది ఆల్బెండజోల్ అయితే అదే మందు. ఫెన్‌బెండజోల్ కొన్నా అది కూడా అదే కుటుంబానికి చెందినది. ఈ బెంజిమిడజోల్ మందులన్నీ పురుగు కణాల్లోని ట్యూబులిన్ అనే మాంసకృత్తికి అతుక్కుని, ఆహారం పీల్చుకునే పేగు కణాలను పాడు చేస్తాయి. ఆ మాంసకృత్తిలో 200వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు అతుక్కోదు. అటువంటి పురుగు ఆల్బెండజోల్‌కు చావకపోతే ఫెన్‌బెండజోల్‌కూ చావదు. ఇవి కాక గొర్రెలకు విస్తారంగా వాడే కుటుంబాలు మరి రెండున్నాయి. లెవామిసోల్ పురుగు కండరాలను బిగదీసి కదలకుండా చేస్తుంది, ఐవర్‌మెక్టిన్ కండరాలను సడలించి చచ్చుబడేలా చేస్తుంది. మందు మార్చడమంటే కుటుంబం మార్చడమే.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో గుంటూరు జిల్లా రైతుకు విడమరచి చెప్పనక్కర లేదు. 1987-88లో మన పత్తి చేలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు లొంగకుండా పోయినప్పుడు జరిగిందే ఇక్కడా జరుగుతోంది. ఒక్క ఆడ హిమాంకస్ రోజుకు ఐదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. మందంతటికీ ఒకేసారి, ఏటా ఆరుసార్లు ఒకే మందు తాగించినప్పుడు చావని పురుగులు మాత్రమే మిగులుతాయి, ఆ తరువాత బీడులో రాలే గుడ్లన్నీ వాటివే. మందు తాగించిన మరునాడే మందను కొత్త బీడుకు తోలడం మంచిదని చాలాకాలం అందరం చెబుతూ వచ్చాం, కాని మందుకు లొంగని పురుగులతోనే కొత్త బీడు నిండిపోతుంది కాబట్టి ఇప్పుడు ఆ సలహా ఇవ్వడం లేదు.

ఇక కొత్త మందుల సంగతి. గొర్రెల నట్టలకు ఆధునిక మందుల్లో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది, దానికి లొంగని హిమాంకస్ గురించి 1964లోనే అమెరికా నుంచి నివేదిక వెలువడింది. జపాన్‌లో సతోషి ఒమురా మట్టి నుంచి వేరు చేసిన ఒక సూక్ష్మజీవి ఆధారంగా, అమెరికాలో విలియం కాంప్‌బెల్ బృందం తయారు చేసిన ఐవర్‌మెక్టిన్ 1981లో మార్కెట్లోకి వచ్చింది. ఆ కృషికి వారిద్దరూ 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. (మనుషుల బోదకాలుకు నేటికీ వాడే డైఇథైల్ కార్బమజీన్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి అని ఈ సందర్భంలో చెప్పకుండా ఉండలేను.) ఐవర్‌మెక్టిన్ తరువాత గొర్రెల ఏలికపాములకు మరో కొత్త కుటుంబం రావడానికి 28 ఏళ్లు పట్టింది. అదే 2009లో న్యూజీలాండ్‌లో విడుదలైన మోనెపాంటెల్. ఆ మరుసటి ఏడాది అబామెక్టిన్‌తో కలిపిన డెర్‌క్వాంటెల్ వచ్చింది. మీరు విన్న కొత్త మందులు బహుశా ఇవే.

ఇంత ఆలస్యం ఎందుకంటే, పురుగును చంపి గొర్రెకు హాని చేయని పదార్థం దొరకడమే అరుదు. హిమాంకస్ తన జీవితచక్రమంతా ప్రయోగశాలలో గాజు పళ్లెంలో గడపలేదు, పెద్ద పురుగులు కావాలంటే గొర్రెలోనే పెరగాలి. అందువల్ల వేల పదార్థాలను మొదట గుడ్ల నుంచి పొదిగించిన లార్వాల (పిల్ల పురుగుల) మీద గాని, మట్టిలో స్వేచ్ఛగా బతికే ఒక మిల్లీమీటరు పొడవు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే పురుగు మీద గాని పరీక్షిస్తారు. అక్కడ నెగ్గినవాటిలో చాలా భాగం గొర్రె పొట్టలోకి వెళ్లేసరికి విఫలమవుతాయి. ఆ పైన చూడి జీవాల మీద పరీక్షలు, మాంసంలో పాలలో అవశేషాల లెక్కలు ఉంటాయి. మోనెపాంటెల్ విజయవంతం కావడానికి ప్రధాన కారణం అది అతుక్కునే గ్రాహకం (కణం మీద ఉండే ఒక మాంసకృత్తి) ఏలికపాముల్లో ఉండి గొర్రెలో లేకపోవడమే. ఇంత ఖర్చు పెట్టే కంపెనీలకు గొర్రెల కంటే పట్నాల్లోని కుక్కలు, పిల్లుల మందుల్లోనే రాబడి ఎక్కువ. ఎమోడెప్‌సైడ్ అనే మరో కుటుంబపు మందు 2005లో పిల్లులకు వచ్చింది, ఇప్పుడు మనుషుల నదీ అంధత్వ వ్యాధికి దానిని పరీక్షిస్తున్నారు.

ఇంతకంటే ఆలోచించవలసిన విషయం మరొకటుంది. మోనెపాంటెల్‌కు లొంగని పురుగులు న్యూజీలాండ్‌లోనే కనిపించినట్లు 2013లో ప్రకటించారు, అంటే మందు వచ్చి నాలుగేళ్లు. అటువంటి మందు రేపు మీ చేతికి వచ్చినా, రెండు నెలలకొకసారి మందంతటికీ తాగిస్తే మీ బీడులోనూ అదే జరుగుతుంది. అందువల్ల కొత్త మందు కోసం ఆగవద్దని, ఉన్న మూడు కుటుంబాల్లో మీ మంద మీద ఏది ఇంకా పని చేస్తోందో ముందు తేల్చుకోవాలని నా సలహా.

దానికి పరీక్ష సులువే. పది పదిహేను గొర్రెలకు గుర్తు పెట్టి, చేతికి తొడుగు వేసుకుని గుద ద్వారం నుంచి నేరుగా పెంటికలు తీసి, ఒక్కో జీవానివి ఒక్కో కవరులో వేసి, మంచు డబ్బాలో పెట్టి అదే రోజు ప్రయోగశాలకు చేర్చండి. నేల మీద పడినవి పనికిరావు, మన ఎండకు ఒక్క రోజులోనే గుడ్లు పొదిగిపోతాయి. ఆ రోజే మందు తాగించి, 14 రోజుల తరువాత అవే గొర్రెల నుంచి మళ్లీ నమూనాలు తీయాలి. గుడ్ల సంఖ్యలో తగ్గుదల 95 శాతం కంటే తక్కువగా ఉంటే ఆ మందుకు పురుగులు లొంగడం లేదని అనుమానించాలి. గన్నవరం పశువైద్య కళాశాలలోని పరాన్నజీవ శాస్త్ర విభాగాన్ని గాని, మీ రైతు సేవా కేంద్రం ద్వారా పశువైద్యాధికారిని గాని సంప్రదించండి.

పరీక్షకు ముందు మోతాదు సరిచూసుకోండి, ఎందుకంటే మందు పని చేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం తక్కువ మోతాదే. కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున 30 కిలోల గొర్రెకు 2.5 శాతం ఆల్బెండజోల్ ద్రావణం 9 మిల్లీలీటర్లు పడుతుంది. మందలో సగటు బరువు 20 కిలోలని అందరికీ 6 మిల్లీలీటర్లు పోస్తే పెద్ద గొర్రెలకు మూడింట రెండు వంతులే అందుతుంది. కనుక జీవాలను తూచి, బరువును బట్టి జట్లుగా విడదీసి, ప్రతి జట్టుకూ అందులో అన్నిటికంటే బరువైన దాని లెక్కన పోయండి. మందును నాలుక వెనుక భాగం మీద పడేలా నెమ్మదిగా పోయాలి. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ ఇవ్వకూడదు. మేకలు కూడా ఉంటే వాటికి గొర్రె మోతాదు చాలదు, పశువైద్యుడిని అడిగి వేరుగా నిర్ణయించుకోండి.

ఆల్బెండజోల్ విఫలమైందని తేలితే లెవామిసోల్ గాని, రక్తం పీల్చే పురుగుల మీదా జలగల మీదా పని చేసే క్లోసాంటెల్ గాని వైద్యుని సలహాతో వాడవచ్చు. ఈ రెండింటిలోనూ మోతాదు మించితే ప్రమాదం, క్లోసాంటెల్ ఎక్కువైతే గొర్రెకు చూపు పోతుంది. ఇకపై మందంతటికీ కాక, వానాకాలంలో రెండు వారాలకొకసారి కనురెప్పలు చూసి, పాలిపోయినవాటికి, దవడ వాపు ఉన్నవాటికి, ఎదగని పిల్లలకు, ఈనబోయే తల్లులకు మాత్రమే తాగించండి. మందు పడని ఆరోగ్యవంతమైన గొర్రెల్లోని పురుగులు బీడులో గుడ్లు పెడుతూ ఉండడం వల్ల లొంగే పురుగుల సంతతి నిలుస్తుంది, అదే మందుకు ఆయుష్షు.

మేత విషయంలో రెండే మాటలు. గుడ్డు నుంచి గొర్రెకు సోకే దశ లార్వా తయారవడానికి మన వానాకాలపు వేడిలో వారం లోపే చాలు, ఆ లార్వా తడి ఉన్నప్పుడు గడ్డి పైకి ఎక్కుతుంది. కాబట్టి మంచు ఆరాక మందను తోలండి, గడ్డి నేలబారుగా మేసే వరకు ఒకేచోట ఉంచకండి. వేపాకు, మోదుగ గింజలు వంటివి హిమాంకస్ తీవ్రంగా ఉన్న మందను కాపాడతాయని నేను చెప్పలేను.

ఇప్పటికే దవడ వాచిన జీవాలను రేపే పశువైద్యునికి చూపించండి. అవి ఎక్కువ దూరం నడవలేవు, పరుగెత్తిస్తే అక్కడే పడి చనిపోవచ్చు. నీడన కట్టి, పచ్చిమేతతో పాటు వేరుశనగ చెక్క పెట్టండి. ప్రయోగశాలకు పంపే నమూనాల్లో వాటివి కూడా ఉండాలి.