మచ్చలు వచ్చాక కాపర్ మందు కొట్టినా ఎందుకు ఆగడం లేదు?

టమాటాలో ఆకుమచ్చలు కనబడగానే కాపర్ ఆక్సీక్లోరైడ్ (రాగి మందు) కొట్టానని, పది రోజులైనా తగ్గలేదని, డోసు పెంచాలా అని అడిగారు. పెంచకండి. నేను పెంచి దెబ్బతిన్నాను.

టమాటా వేసిన రెండో ఏడాది నాదీ ఇదే టెన్షన్. తూకం వేయకుండా చెంచాతో అందాజుగా వేశాను, దాదాపు రెట్టింపు పడి ఉంటుంది. పైగా మబ్బు పట్టిన చల్లటి సాయంత్రం కొట్టాను. తెల్లారినా ఆకులు తడిగానే ఉన్నాయి. మూడు రోజులకి ఆకుల అంచులు మాడిపోయాయి, లేత చిగుళ్లు ముడుచుకున్నాయి. పాత మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే. ఆకు ఎంత ఆలస్యంగా ఆరితే రాగి అంత ఎక్కువగా కరిగి లోపలికి దిగుతుందని అప్పటికి నాకు తెలియదు. అందుకే ఇప్పుడు పొద్దున్నే, ఎండ వచ్చే సూచన ఉంటేనే కొడతాను. పుల్లటి గుణం ఉన్న నీళ్లు, మందులు దీంతో కలపను, వాటిలోనూ రాగి అలాగే ఎక్కువగా కరుగుతుంది.

అసలు విషయం ఏమిటంటే, రాగి ఆకు పైనే ఉంటుంది. ఆకు తడిసినప్పుడు కొద్దికొద్దిగా కరుగుతూ, అక్కడ వాలిన బూజు విత్తనం మొలకెత్తేలోపే దాన్ని చంపుతుంది. బూజు ఒకసారి ఆకు లోపలికి దిగాక ఇది చేయగలిగింది లేదు. రాగి మందుల పుట్టుక కూడా అలాంటిదే. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దారి పక్కన ద్రాక్షని ఎవరూ కోసుకోకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి చల్లేవారు. బోర్డో మిశ్రమం అంటే ఇదే. ఆ వరసలకి బూజు తెగులు రాలేదని మిల్లార్డె అనే శాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించారు. దొంగల కోసం చల్లారు కాబట్టి తెగులు కంటే ముందే ఆకు మీద ఉంది!

కాబట్టి మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడుతుందని చూడకండి. కొట్టాక వచ్చిన కొత్త ఆకులు శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నదే లెక్క. కొత్త ఆకుకి మందు అంటి ఉండదు, గట్టి వాన పడితే పాతదీ కడుక్కుపోతుంది. తడి రోజుల్లో ప్యాకెట్ మీద రాసిన మోతాదులోనే 7 నుంచి 10 రోజులకోసారి, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి.

బోర్డో మిశ్రమం సొంతంగా కలుపుకుంటానంటే, ఒక శాతానికి 10 లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం. లేత మొక్కలకి నేను సగం గాఢతే వాడతాను. ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీళ్లని సున్నపు నీళ్లలోకి సన్నటి ధారగా పోస్తూ కలపండి. మంచి ఆకాశం రంగు వస్తుంది. ఇనుప చాకు ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రటి పూత కనబడిందా, ఇంకాస్త సున్నం పడాలి. గుడ్డలో వడకట్టడం బద్ధకించకండి, సున్నపు నలక నాజిల్‌లో ఇరుక్కుంటే సగం పొద్దు దానితోనే సరి. కలిపిన రోజే కొట్టేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి.

సేంద్రియ సాగులో అనుమతి ఉందని చాలామంది దీన్ని నీళ్లలా వాడేస్తారు. రాగి మట్టిలో కుళ్లిపోయేది కాదు, పేరుకుంటుంది, వానపాములకి చేటు. యూరోపియన్ యూనియన్‌లో హెక్టారుకి ఏడేళ్లలో మొత్తం 28 కిలోల రాగి మించకూడదన్న పరిమితి ఉంది. చేపలున్న నీళ్లలో డబ్బా కడగడం అసలే వద్దు.

మీ చేలో ఏ తెగులో తేలకుండా ఇంకేం చెప్పలేను. బ్యాక్టీరియా మచ్చలకి కూడా రాగి వాడతారు, కానీ రాగికి అలవాటు పడిపోయిన బ్యాక్టీరియా రకాలున్నాయి. రేపు పొద్దున మంచు ఆరకముందే మచ్చ ఉన్న ఆకు తిప్పి చూడండి. మచ్చ అంచున తెల్లటి బూజు ఉంటే ఆకు మాడు తెగులు (లేట్ బ్లైట్) అయ్యుండవచ్చు, దానికి ఆకు లోపలికి పాకే మందు కావాలి. ఉందో లేదో చూసి ఇక్కడే రాయండి.