స్టెంట్ సంగతి దాచి పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 59 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, కిందటేడు గుండెకు స్టెంట్ వేశారు. హెల్త్ ఇన్సూరెన్స్‌కి అప్లై చేస్తే టెస్టులన్నీ చేయించి, పాలసీ ఇవ్వలేమన్నారు. స్టెంట్ మాట రాయకుండా వేరే కంపెనీలో వేద్దాం, ఐదేళ్లు దాటితే ఎవరూ అడగరని ఏజెంటు అంటున్నారు. అలా చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేయకండి. ఐదేళ్ల మాట సగమే నిజం. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, జబ్బు చెప్పలేదన్న సాకుతో క్లెయిమ్ నిరాకరించకూడదన్న నిబంధన ఉంది. మోసమని రుజువైతే మాత్రం అది వర్తించదు. స్టెంట్ వేయించుకున్న మనిషి 'గుండె జబ్బు లేదు' అని సంతకం పెడితే, మరిచిపోయానంటే ఎవరు నమ్ముతారు? పైగా ఈలోపే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, డ్యూటీ డాక్టరు ముందుగా అడిగేది పాత జబ్బుల గురించే. 'షుగర్ ఎనిమిదేళ్లు, స్టెంట్ పడింది' అని కేస్ షీట్‌లో రాస్తారు. క్లెయిమ్‌తో పాటు కంపెనీకి వెళ్లేది ఆ కాగితమే. క్లెయిమ్ పోతుంది, పాలసీ రద్దవుతుంది, కట్టిన ప్రీమియం కూడా పోవచ్చు.

ముందు తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. స్టెంట్ వేసి ఎక్కువ కాలం కాలేదని ఆపితే, వాళ్లు చెప్పిన గడువు తర్వాత మళ్లీ అడగవచ్చు. షుగర్ వల్లయితే హెచ్‌బీఏ1సీ అంకె చూడండి. అది రక్తంలో షుగర్‌కు రెండు మూడు నెలల సగటు. టెస్టుకు ముందు రెండు రోజులు తీపి మానేస్తే తగ్గేది కాదు. డాక్టరు చేత మందులు సరిచేయించుకుని, మూడు నెలలాగి పరీక్ష చేయించండి.

మళ్లీ అప్లై చేసేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, తాజా ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ జతచేయండి. 'ఇంతకుముందు ఎవరైనా నిరాకరించారా?' అన్నచోట అవుననే రాయండి. ఏజెంటు నింపిన ఫారమైనా సరే, నాన్నగారు ప్రతి జవాబూ చదివాకే సంతకం పెట్టాలి. గుండె చికిత్స అయినవారికి విడిగా పాలసీలున్నాయి. ప్రీమియం ఎక్కువే. ఫారంలో చెప్పిన పాత జబ్బులకు వెయిటింగ్ (వాటికి క్లెయిమ్ ఇవ్వని తొలి గడువు) మాత్రం 36 నెలలు మించకూడదు.

మీరో, మీ తోబుట్టువులో ఉద్యోగంలో ఉంటే, ఆఫీసు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుందేమో ఈరోజే కనుక్కోండి. చాలాచోట్ల టెస్టులు అడగరు, పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే కవరేజీ ఇస్తారు. మీ నాన్నగారికి అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే.

ప్రశ్న: హెల్త్ పాలసీని వేరే కంపెనీకి మార్చుకుందామని (పోర్ట్) అడిగితే కొత్త కంపెనీ కాదంది. పాత పాలసీ పోయినట్టేనా?

జవాబు: పోదు. గడువులోగా పాత కంపెనీలోనే రెన్యువల్ కట్టేయండి. కొత్త కంపెనీ సరే అన్నాకే పాతది వదలాలి. మళ్లీ పోర్ట్ కావాలంటే వచ్చే రెన్యువల్‌కు నెలన్నర ముందే అడగండి.